మెలకువలోనే పెద్దప్రేగు పరీక్ష



రక్తము పడుటవలననో, నెలల తరబడి మానని విరేచనములవలననో, కారణము తెలియని రక్తహీనతవలననో, ప్రేగునందు క్షయ యున్నదేమో యను అనుమానమువలననో, వంశమున ఎవరికో పెద్దప్రేగు క్యాన్సరు వచ్చి యుండుటవలననో, వైద్యుడు కొలనోస్కోపీ చేయించుకొమ్మని చీటీ వ్రాసి యిచ్చినప్పుడు, ఆ చీటీని బీరువాలో బట్టలక్రింద దాచి, రేపు చూతము, పండుగ వెళ్లిన పిదప చూతము అని వాయిదా వేయువారు మన యిండ్లలో ఎందరో కలరు. వారిని వెనుకకు లాగునది రోగభయము గాదు, పరీక్షాభయము. ఆ భయములో సిగ్గు ఒక పాలు. ఇరుగుపొరుగు చెప్పిన నొప్పికథలు మరియొక పాలు. తన శరీరము తన వశములో లేక, గోడవైపు తిరిగి పండుకొని, వెనుకనుండి ఎవరేమి చేయుచున్నారో తెలియని స్థితిలో ఉండవలసి వచ్చునే యను దైన్యము అన్నిటికంటె పెద్దపాలు. మత్తుమందిచ్చి నిద్రపుచ్చినచో ఈ మూడింటికిని ఒక్కసారిగా విరుగుడు దొరకినట్లే కదా యని తోచును. ఆ విరుగుడు మంచిదే. కాని అది వలదని రోగియే కోరుకొన్నప్పుడు, లేక అది యిచ్చుటకు వీలు లేనప్పుడు, ఈ పరీక్షను సుఖముగా జరుపు విద్య గడచిన యిరువది ముప్పది యేండ్లలో మిక్కిలి పెంపొందినది. ఆ విద్యను గూర్చి చెప్పుటయే నేటి నా యుద్దేశము.

మన పెద్దప్రేగు సుమారు ఒకటిన్నర మీటరు పొడవుండును. మలద్వారమునుండి లోనికి పోవుకొలది, అది ఎడమ పొత్తికడుపులో మెలిదిరిగి, ఎడమప్రక్కగా ప్లీహము దాక ఎక్కి, కడుపును అడ్డముగ దాటి, కాలేయము క్రింద మరల మలుపు తీసికొని, కుడి పొత్తికడుపులో సీకము అను భాగమును చేరును. సుమారు 12 మిల్లీమీటర్ల లావున, కొనయందు దీపమును కెమెరాయును గల మెత్తని గొట్టమును వైద్యుడు ఈ దారివెంట సీకము దాక పోనిచ్చి, అక్కడినుండి నెమ్మదిగా వెనుకకు తీయుచు గోడలను పరిశీలించును. లోపలిగోడపై పెరుగు పిలకలగు పాలిప్పులు కనబడినచో అప్పుడే తీగ యుచ్చుతో కోసి తీసివేయును. కోసినపుడు నొప్పి తెలియదు. ఇది విని ఆశ్చర్యపడువారు కలరు. కాని మన విషయమునకంతకును మూలము ఇందులోనే యున్నది.

చర్మమునకు కోత తెలియును, కాక తెలియును. ప్రేగు లోపలిపొరకు ఆ రెండును తెలియవు. దానికి తెలిసినది యొక్కటే, సాగుట. గోడ ఉబ్బి సాగినను, ప్రేగును వీపుగోడకు పట్టియుంచు మెసెంటరీ యను పొర లాగబడినను, కడుపంతయు మెలిపెట్టినట్లు నొప్పి పుట్టును. కావున గొట్టము లోనికి పోవుటయే నొప్పి యనుకొనుట పొరపాటు. ప్రేగును సాగదీయుట నొప్పి. ఈ సాగదీత రెండు విధముల కలుగుచున్నది. మొదటిది గాలి. ముడుచుకొని యున్న ప్రేగు లోపల చూపు ఆననందున దానిని తెరచుటకై గాలి నూదుట తొలినాటినుండి వచ్చిన ఆచారము. ఎక్కువగా నూదినకొలది ప్రేగు ఉబ్బుటయే గాక పొడవును సాగి, మలుపులు మరింత ఇరుకగును. రెండవది ఉచ్చు. ఎడమ పొత్తికడుపులోని సిగ్మాయిడ్ భాగము దేనికిని గట్టిగా అంటుకొనక వదులుగా వ్రేలాడుచుండును గనుక, వైద్యుడు వెనుకనుండి గొట్టమును నెట్టినపుడు, కొన ముందుకు సాగుటకు మారుగా నడిమిభాగము కడుపులో పైకి లేచి ఉచ్చు పడును. బయట చేయి ఇంకను నెట్టుచుండును. లోపల కొన నిలిచిన చోటనే యుండును, ఒక్కొక్కప్పుడు వెనుకకు జారును కూడ. రోగి కేక వేయునది సరిగా ఆ క్షణముననే. 1993లో ఇంగ్లండులోని పరిశోధకులు గొట్టములో సన్నని అయస్కాంతచుట్టలను ఇమిడ్చి, ఎక్స్‌రే అక్కరలేకయే దాని రూపమును తెరపై చూపు పద్ధతిని ప్రకటించిన పిమ్మట, నొప్పి కలిగిన వేళలకును ఉచ్చు పడిన వేళలకును గల పొత్తు కంటికి కనబడినది. నొప్పిలో అధికభాగము ఉచ్చువలననే యని తేలినది.

ఈ యొక్క సంగతిని రోగులును వారి బంధువులును తెలిసికొన్నచో వారి ఆలోచన ఎంతో మారునని నా విశ్వాసము. నొప్పి పరీక్షకు సహజలక్షణమైనచో దానికి ఓర్పో, మత్తో తప్ప వేరు గతి లేదు. నొప్పి గాలివలనను ఉచ్చువలనను తొందరవలనను పుట్టునదైనచో, అందులో చాలభాగము వైద్యుని చేతిలోనిదే యగును. చేతిలోనిది గనుక నేర్చుకొనదగినది, కొలువదగినది, తగ్గింపదగినది.

ఉచ్చు తీయు ఉపాయము నెట్టుటలో లేదు, వెనుకకు లాగుటలో నున్నది. లంగా నడుముపట్టీలో పిన్నీసు గ్రుచ్చి బొందు ఎక్కించు స్త్రీలకు ఇది వివరింపనక్కరలేదు: పిన్నీసును నెట్టుటకంటె, బట్టను దానిపైకి మడతలు మడతలుగా లాగుకొనుటవలననే పని త్వరగా సాగును. నిపుణుడైన వైద్యుడును కొనను ఒక మలుపునకు తగిలించి, గొట్టమును కొంచెము కుడివైపు త్రిప్పుచు వెనుకకు తీయును; ప్రేగు గొట్టముపైకి కుచ్చెళ్లుగా చేరి పొట్టిదగును; ఒకటిన్నర మీటరు ప్రేగును దాటి సీకము చేరునప్పటికి లోపల నున్న గొట్టము సుమారు 70, 80 సెంటీమీటర్లే యుండును. అంతకు రెట్టింపు లోపల నున్నదన్న, ఉచ్చు పడియున్నదని గుర్తు.

ఈ పరికరము పుట్టుక చరిత్రలో మన దేశస్థుడొకడున్నాడు. పంజాబులోని మోగాలో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, లండన్ ఇంపీరియల్ కళాశాలలో హెరాల్డ్ హాప్కిన్స్‌తో గూడి, సన్నని గాజునారల కట్టగుండ చిత్రమును వంపుదారిన పంపవచ్చునని 1954లో 'నేచర్' పత్రికలో ప్రకటించెను. ఆ వ్యాసము చదివి ప్రేరితుడైన బేసిల్ హిర్షోవిట్జ్ అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయమున 1957లో తొలి గాజునారల జఠరదర్శినిని సిద్ధము చేసి, రోగికి వాడుటకు ముందు తానే మ్రింగి చూచెను. 1969లో న్యూయార్కున విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అను వైద్యులు కొలనోస్కోపు గుండ పాలిప్పును కోసి తీయు పద్ధతిని ఆరంభించిరి. ఆ కాలమున కొనను వంచు చక్రములను ఒకరు త్రిప్పుచుండ మరియొకరు గొట్టమును నెట్టుట వాడుక. రెండు పనులను ఒక్కడే చేసినగాని ప్రేగు పెట్టు ప్రతిఘటన చేతికి తెలియదని షిన్యా ఏకవ్యక్తి విధానమును ప్రచారము చేసెను. తాను మ్రింగి చూచిన హిర్షోవిట్జ్‌ను, ప్రేగు చెప్పు మాటను తన చేతితో వినగోరిన షిన్యాను తలచుకొన్నప్పుడు నాకు వారి పరికరములకంటె వారి మనస్సులే ఎక్కువ గొప్పవిగా తోచును.

అంతకు ఎన్ని శతాబ్దములకు ముందో సుశ్రుతుడు అర్శోరోగమును పరీక్షించుటకు ఆవు చనుమొన రూపమున చేసిన యంత్రమును వర్ణించినాడు. దానికి నేయి పూయవలెననియు, రోగి మేనిపైభాగమును వేరొకరి యొడిలో ఆనించి పండుకొనబెట్టవలెననియు, యంత్రమును మెల్లమెల్లగా లోనికి పోనీయవలెననియు ఆయన చెప్పిన తీరు చూడుడు. ఆ యొడి శస్త్రవిధిలో భాగము. నేటి పరీక్షాగదులలో రోగి తలవైపున నిలుచు మనిషి లేని చోట్లు ఎన్నియో కలవు.

ఇక నూతన పద్ధతులలో నాకు మిక్కిలి ప్రియమైనది నీటిపద్ధతి. అమెరికాలో లాస్ ఏంజిలిస్ ప్రాంతమున, సెపుల్వేడాయందలి మాజీసైనికుల వైద్యశాలలో, నర్సుల కొరతవలన మత్తుమందిచ్చు వసతి తగ్గినప్పుడు, ఫెలిక్స్ లియూంగ్ అను వైద్యుడు మత్తు లేకుండ పరీక్ష చేయించుకొనుటకు సమ్మతించినవారికి బాధ తగ్గించు మార్గమును వెదకుచు, గాలికి బదులు గోరువెచ్చని నీటిని వాడుటను ఎంతో శ్రద్ధతో పరిశోధించెను. గాలియంత్రమును కట్టివేసి, లోపల మిగిలియున్న గాలిని పీల్చివేసి, కొద్దికొద్దిగా నీరు వదలుచు దారి తెరచుకొనుచు, మురికియైన నీటిని వెంటవెంటనే తీసివేయుచు సీకము దాక పోవుట ఇందలి క్రమము. ఎడమప్రక్కకు తిరిగి పండుకొన్న రోగి సిగ్మాయిడ్ భాగములో నీరు తన బరువుచేత క్రిందికి దిగి ఆ మెలికను సరళము చేయును. గాలి లేనందున ప్రేగు ఉబ్బదు, పొడవు సాగదు. వెచ్చదనమువలన కండరముల బిగువు కొంత సడలును. తరువాత పలు దేశములలో జరిగిన పరిశోధనలలో ఈ పద్ధతివలన నొప్పి తగ్గుటయు, మత్తు అడుగువారి సంఖ్య తగ్గుటయు స్పష్టముగా కనబడినది. సీకము చేరుటకు కొన్ని నిమిషములు అదనముగా పట్టును. ఆ కొన్ని నిమిషములకు వెనుదీయు వైద్యశాలలు కలవు. వెనుకనున్న వరుస పొడవైనదని వారు చెప్పుకొందురు. దీనిలో ఖరీదైన పరికరమేదియు లేదే, నీరును ఓపికయును తప్ప. అట్టిదానిని మన జిల్లా ఆసుపత్రులలో సైతము నిత్యవిధిగా చేయకపోవుటకు తగిన కారణము నాకు కనబడదు.

నీటిపద్ధతి కుదరనిచోట బొగ్గుపులుసు వాయువు కలదు. మనము పీల్చు గాలిలో అధికభాగము నత్రజని. అది ప్రేగులో చిక్కుకొని గంటల తరబడి కడుపుబ్బరము కలిగించును. బొగ్గుపులుసు వాయువును ప్రేగుగోడ నత్రజనికంటె సుమారు 160 రెట్లు వేగముగా పీల్చుకొనును. రక్తమున చేరి, ఊపిరితో బయటికి పోవును. పరీక్ష ముగిసిన తరువాత కడుపు పట్టుకొని మూలుగుచు కూర్చుండు బాధ దీనితో చాలవరకు తొలగును. నార్వే పరిశోధకులు దీనిపై విశేషకృషి చేసిరి; అది సహజమే, ఏలయన ఆ దేశమున చిరకాలముగ చాలమందికి మత్తు లేకయే ఈ పరీక్ష జరుగుచున్నది. ఫిన్లండును అట్టిదే. అమెరికాలోనన్ననో దాదాపు అందరికిని మత్తిత్తురు. మనుష్యుల ప్రేగులు అక్కడను ఇక్కడను ఒక్కటే. మారినవి అలవాట్లు, ఖర్చు లెక్కలు, వైద్యుల శిక్షణలు.

మెలకువలో నున్న రోగివలన వైద్యునికి కలుగు సహాయమును చాలమంది గుర్తింపరు. మత్తులో నున్నవానిని ప్రక్కకు త్రిప్పవలెనన్న ఇద్దరు పట్టవలెను. మెలకువలో నున్నవాడు తిరుగుమన్నంతనే తానే తిరుగును. వెల్లకిల, కుడిప్రక్క, ఎడమప్రక్క ఇట్లు మారుటవలన కఠినమైన మలుపులు తెరచుకొనును. ఒక్క దీర్ఘశ్వాస తీసి నిలిపినచో ఉదరవితానము క్రిందికి దిగి, ప్లీహమువద్దను కాలేయమువద్దను గల మూలలు సులభమగును. సహాయకురాలు పొత్తికడుపుపై అరచేతితో అదిమి ఉచ్చు లేవకుండ ఆపునపుడు, ఆ ఒత్తిడి తగినదో మితిమీరినదో చెప్పగలవాడు రోగియే. అన్నిటికంటె ముఖ్యముగా, నొప్పి యనునది లోపల ఉచ్చు పడుచున్నదను వార్త. మెలకువలోనివాడు ఆ వార్త నందించును. దానిని విన్న వైద్యుడు నెట్టుట మాని, లాగి, సరిచేసికొనవలెను. "ఏమీ కాదు, ఓర్చుకోండి, అయిపోయింది" అనుచు నెట్టుచుండుట విద్య యనిపించుకొనదు.

కావున పరీక్షకు ముందే ఒడంబడిక యుండవలెను. చేయి పైకెత్తినచో ఆపుదుము, మీరు సరే యన్న పిదపనే సాగింతుము, ఏ క్షణమున కోరినను మత్తుమందిత్తుము, నరములో సూది ముందుగనే పెట్టి సిద్ధముగా నున్నాము అని చెప్పి, చెప్పినట్లే ఒక్కసారి యైనను ఆపి చూపినచో, రోగి శరీరము సడలును. ఎప్పుడైనను ఆపించగలనని తెలిసినవాడు ఆపించు అవసరము లేకయే పరీక్ష ముగించుకొనుట తరచుగా జరుగునది. ఇప్పుడు ప్రేగు బిగిసినట్లుండును, ఇప్పుడు విరేచనమునకు పోవలెనన్నట్లు తోచును కాని పోరు, ఇది కష్టమైన మలుపు, ఇది దాటినచో తేలిక అని ముందుగా వినిపించుచు పోవుట మందుతో సమానమైన పని. సంగీతము వినిపించినచో ఆందోళన తగ్గునని కొన్ని పరిశోధనలు చెప్పుచున్నవి; రోగికి నచ్చినదై యుండవలెను గాని గదిలోని సిబ్బందికి నచ్చినది గాదు. తెర చూడగోరువారికి చూపవచ్చును. తన ప్రేగు తానే చూచి విస్మయముతో నొప్పిని మరచినవారు కలరు, చూడలేక కన్నులు మూసికొన్నవారును కలరు.

మర్యాద విషయము మన స్త్రీలకు నొప్పికంటె పెద్దది. వెనుకవైపు మాత్రము చీలిక గల లాగులు స్వల్పమైన వెలకు దొరకుచున్నవి; వానిని తొడిగించి, పైన దుప్పటి కప్పి, అవసరమైనంత మేరనే తెరచి, తలుపు వేసి, పనిలేనివారిని గదినుండి పంపి, స్త్రీరోగి ప్రక్కన స్త్రీ సహాయకురాలిని నిలుపుటకు ఖర్చెంత? వైద్యవిద్యార్థులు చూడగోరినచో ముందుగా అడిగి, ఆమె కాదన్నచో వారిని బయట నిలుపవలెను. ఇది ఉపకారము గాదు, ఆమె హక్కు. సిగ్గుతో బిగిసిన ఒడలు నొప్పిని రెట్టింపుగా అనుభవించును. మర్యాద పాటించుట కూడ నొప్పి తగ్గించు చికిత్సయే.

ముందురోజుల తయారీని గూర్చి కొంచెము. ఆకుకూరలు, గింజలుండు జామ, టమాట, వంకాయ, పీచుగల పప్పులు రెండు మూడు దినములు మాని, ఇడ్లీ, మెత్తని పెరుగన్నము వంటివి తిని, పిమ్మట వైద్యుడు చెప్పిన వేళనుండి కొబ్బరినీళ్లు, పలుచని నిమ్మరసము వంటి తేటద్రవములే పుచ్చుకొనవలెను. విరేచనపు మందు నీటిని ఒక్క రాత్రిలోనే త్రాగించుటకంటె, సగము రాత్రియు, సగము పరీక్షకు నాలుగైదు గంటల ముందును త్రాగించుట మేలని నేడు దాదాపు అందరును అంగీకరించినారు. శుభ్రమైన ప్రేగులో పని త్వరగా సాగును, చూపు తప్పదు. మధుమేహమునకును రక్తము పలుచబరచుటకును మందులు వాడువారు వానిని ఏమి చేయవలెనో ముందుగా అడిగి తెలిసికొనవలెను. తమంతట తాము మానరాదు.

నొప్పి జ్ఞాపకముగా మారు తీరును గూర్చి కూడ ఈ పరీక్షయే మనకు పాఠము చెప్పినది. టొరంటోలో డొనాల్డ్ రెడెల్‌మైయర్ అను వైద్యుడును, పిమ్మట అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన మనస్తత్త్వవేత్త డేనియల్ కానెమనును, కొలనోస్కోపీ జరుగుచుండగా రోగులచేత నిమిషనిమిషమునకును నొప్పిని అంకెతో చెప్పించి, తరువాత వారు గుర్తుంచుకొన్న నొప్పితో పోల్చి 1996లో ప్రకటించిరి. పరీక్ష ఎంతసేపు జరిగినదను దానికి జ్ఞాపకములో ఏమంత స్థానము లేదు. నొప్పి అత్యధికముగా నున్న క్షణమును, చివరి నిమిషములును మాత్రమే నిలిచియున్నవి. 2003లో ప్రకటించిన మరియొక పరిశోధనలో 682 మంది పాల్గొనగా, వారిలో సగముమందికి పని ముగిసినను గొట్టపు కొనను కొద్ది నిమిషములు కదల్పక లోపల నుంచి, ఆ పిదప మెల్లగా తీసిరి. వారి బాధాకాలము నిజమునకు పెరిగినది. ఐనను వారు ఆ పరీక్షను తక్కువ బాధాకరమైనదిగా తలచుకొనిరి. పనిలేక గొట్టమును లోపల నుంచుమని నేను చెప్పబోను. కాని బయటికి తీయునపుడు చేయు తొందరను మానవలెనని, తీయుచు లోపలి గాలిని శ్రద్ధగా పీల్చివేయవలెనని దీనివలన తెలియుచున్నది. వెనుకకు తీయుటకు ఆరు నిమిషములకు తగ్గకుండ పట్టవలెనని పాలిప్పులు వెదకువారు వేరు కారణమున చెప్పుదురు. రోగి సుఖమును, రోగము పట్టుబడుటయు ఇక్కడ ఒక్క త్రోవనే నడచుచున్నవి.

ఇంత చెప్పినను, మత్తులేని పరీక్ష అందరికిని తగినదని నేననను. సన్నగా నున్న స్త్రీలకును, గర్భసంచి తీయించుకొన్నవారికిని, కడుపులో శస్త్రచికిత్స జరిగి అతుకులు పడినవారికిని, మునుపటి పరీక్షలో మిక్కిలి బాధపడినవారికిని, అత్యంతభీతి గలవారికిని నొప్పి ఎక్కువగా నుండు అవకాశము కలదు. వారికి మత్తును ముందుగనే ఇవ్వజూపుట ధర్మము. వయసు మీరి, ఊపిరితిత్తుల జబ్బో గుండెజబ్బో గలవారికి మత్తువలన శ్వాస మందగించు అపాయము గనుక మెలకువయే మేలు కావచ్చును. వెంట వచ్చు మనిషి లేనివారు, ఆ దినమే బండి నడుపవలసినవారు, పొలమునకో దుకాణమునకో పోవలసినవారు మెలకువనే కోరుకొనవచ్చును, ఏలయన మత్తు తీసికొన్నవారు ఆ దినమంతయు బండి నడుపరాదు, పత్రములపై సంతకము చేయరాదు. బ్రిటనులో సగము ప్రాణవాయువు, సగము నైట్రస్ ఆక్సైడ్ కలిపిన వాయువును రోగియే ముసుగు పట్టుకొని కావలసినపుడు పీల్చుకొను మధ్యమార్గము కలదు. దాని ప్రభావము నిమిషములలో తొలగును.

మన దేశమున నన్ను బాధించునది వేరు. డబ్బు గలవారికి పెద్ద ఆసుపత్రులలో అడుగకుండనే మత్తిత్తురు. లేనివారికి పలుచోట్ల అడిగినను ఇయ్యరు. రెండుచోట్లను ఎన్నిక రోగిది గాదు. మత్తుమందు వైద్యుడు లేడు గనుక మత్తు లేకుండ చేయుటకును, మత్తు లేకుండ చేయు విద్యను నేర్చి చేయుటకును నడుమ ఎంతో అంతరము కలదు. మొదటిది కొరత, దానిని ధైర్యపరీక్షగా మార్చి బీదవాని మీద పెట్టుట అన్యాయము. సీకము చేరిన పరీక్షలు నూటికి తొంబదికి తగ్గరాదని వైద్యులు తమకు తాము నియమము పెట్టుకొన్నారు. అట్లే ప్రతి పరీక్షలోను రోగి సుఖమును నర్సు ఒకటినుండి అయిదువరకు అంకె వేసి వ్రాయుట బ్రిటనులో వాడుకలో నున్నది. వైద్యుడు గాక నర్సు వ్రాయుట యందలి వివేకమును గమనింపుడు. మన బోధనాసుపత్రులలో ఆ యొక్క గడిని నివేదిక కాగితముపై అచ్చువేయించుటకు సిరాఖర్చు తప్ప మరేమియు కాదు. నెలకొకమారు ఆ యంకెలను చూచి, ఎవరి చేతిలో రోగులు ఎక్కువ బాధపడుచున్నారో గ్రహించి, వారిని నిపుణుని ప్రక్కన మరల శిక్షణకు నిలిపినచో చాలును.

పరీక్షకు పేరు వ్రాయించుకొనువారు సంకోచింపక అడుగవలసినవి ఇవి: మత్తు ఇత్తురా, వలదన్నచో ఊరకుందురా, కావలెనన్నచో నడుమలోనైనను ఇత్తురా, గాలి వాడుదురా, నీరా, బొగ్గుపులుసు వాయువా, చేయి ఎత్తినచో ఆపుదురా, గదిలో ఎవరెవరుందురు. మెలకువలో చేయించుకొన్నవారికి ఫలితము అక్కడికక్కడే చెప్పవచ్చును, వారు దానిని గుర్తుంచుకొందురు కూడ. మత్తులో నున్నవారు వైద్యుడు చెప్పినదానిని తరచుగా మరచిపోవుదురు గనుక వారికి బంధువు ఎదుటనే చెప్పి, వ్రాసి యీయవలెను. తరువాత కొంత ఉబ్బరము సహజము. నడచినచో, గాలి వదలినచో తగ్గును. కాని కడుపునొప్పి తగ్గక పెరుగుచున్నను, కడుపు గట్టిపడినను, జ్వరము వచ్చినను, ఎక్కువగా రక్తము పడినను, ఇంటివద్ద వేచియుండక ఆ రాత్రియే ఆసుపత్రికి పోవలెను. పాలిప్పు కోయించుకొన్నవారికి రెండు వారముల వరకును రక్తము పడు అవకాశము కలదు. ఆ సంగతిని ఇంటివారికి కూడ చెప్పి యుంచవలెను.